హుషారుకి అలుపొస్తుంది

'మేనియా' అన్న మాటకి మన తెలుగు పేపర్లు పట్టించిన గతి చూస్తే జాలేస్తుంది. వరల్డ్ కప్పు మొదలైతే క్రికెట్ మేనియా. పెద్ద హీరో సినిమా రిలీజైతే ఆయన పేరు పక్కన ఒక మేనియా. అంటే జనం బాగా సరదా పడుతున్నారని అర్థమన్నమాట. పోనీ మనకి 'ఉన్మాదం' అని పాత మాట ఒకటుంది కదా, చరకసంహితలో దాని మీద విడిగా అధ్యాయాలే ఉన్నాయి కదా, అదన్నా వాడుకుందామంటే దాన్ని క్రైమ్ పేజీ వాళ్ళు ఎప్పుడో పట్టుకుపోయారు. 'ప్రేమోన్మాది ఘాతుకం' అన్న హెడ్డింగ్ చూడని తెలుగువాడుంటాడా? ఒక మాట సరదాకి పోయింది, ఇంకో మాట హత్యలకి పోయింది. నిజంగా ఆ జబ్బు చేసినవాడి గురించి చెప్పుకోడానికి మన దగ్గర మాటే మిగల్లేదు.

ఇక మన ఆఫీసుల్లో ఇంకో రకం. ఎవరికన్నా పొద్దున మూడ్ బాగుండి సాయంత్రానికి చెడితే చాలు, 'వాడు బైపోలార్ రా బాబూ' అనేస్తారు. పొద్దున స్టాండప్‌లో నవ్వి సాయంత్రం స్టేటస్ కాల్‌లో అరిచేవాణ్ణి బైపోలార్ అనరండీ, మేనేజర్ అంటారు. ఈ జబ్బులో మూడ్ మామూలుగా గంటగంటకీ మారదు. రోజులు, వారాలు, ఒక్కోసారి నెలలు మనిషిని ఒకే వైపుకి లాక్కుపోతుంది. కిందకి లాగితే డిప్రెషన్, అది ఈమధ్య కాస్తో కూస్తో అందరికీ తెలుస్తోంది. పైకి లాగితే మేనియా. దీన్ని మాత్రం ఎవరూ పోల్చుకోలేరు. ఎందుకంటే మొదట్లో అది చూడ్డానికి అచ్చం సంతోషంలాగే ఉంటుంది. సంతోషంగా ఉన్నవాణ్ణి డాక్టర్ దగ్గరికి ఎవరు తీసుకెళ్తారు చెప్పండి?

నాకు ఈ విషయం పుస్తకాల్లో కంటే ముందు మా ఊళ్ళో తెలిసింది. మాది పల్నాడు, బొల్లాపల్లి మండలం. వినుకొండ దిగి ఇంకా లోపలికి పోవాలి. 2022 ఏప్రిల్ దాకా గుంటూరు జిల్లాలో ఉండేవాళ్ళం, ఇప్పుడు నరసరావుపేట హెడ్‌క్వార్టర్స్‌గా పల్నాడు జిల్లా. సాగర్ డ్యామ్ పేరుకి మా జిల్లా అంచునే ఉన్నా మావి మెట్ట పొలాలు. వరికపూడిశెల ఎత్తిపోతల వస్తే నీళ్ళొస్తాయని నా చిన్నప్పటినుంచీ వింటున్నా. 2023 నవంబర్లో దానికి శంకుస్థాపన జరిగింది. అప్పటిదాకా, ఆ తర్వాతా కూడా అందరి బతుకూ బోర్ల మీదే. కాబట్టి మా వాళ్ళ హుషారంతా రెండింటి మీద ఉంటుంది. ఒకటి బోర్లో నీళ్ళు పడటం, రెండోది మిర్చికి రేటు రావడం.

2023 మొదట్లో గుంటూరు యార్డులో మంచి రకం కాయ క్వింటాలు 20,000 దాటింది. ఆ సీజన్లో మా ఊళ్ళో హుషారు ఎలా ఉంటుందో బయటివాళ్ళకి చెప్పడం కష్టం. కల్లంలో కాయ ఆరబోసి రాత్రంతా కాపలా పడుకునే మనిషి పక్కవాడితో తెల్లారేదాకా కబుర్లే. పాత ట్రాక్టర్ మార్చేద్దామని ఒకడు, కౌలుకి ఇంకో మూడెకరాలు పట్టేద్దామని ఒకడు, పిల్లని హైదరాబాదులో చేర్పిద్దామని ఇంకొకడు. ఇదంతా మామూలే. తర్వాత రేటు పడితే హుషారూ పడుతుంది. 2025 ఫిబ్రవరికొచ్చేసరికి కేంద్రప్రభుత్వం జోక్యం చేసుకుని క్వింటాలుకి 11,781 అని మద్దతు ధర ప్రకటించాల్సిన పరిస్థితి వచ్చింది. అప్పుడు అదే కల్లంలో అదే మనుషులు మాట్లాడుకోవడమే మానేశారు. రేటుతో పాటు లేచి, రేటుతో పాటు కూలబడింది. ఆరోగ్యంగా ఉన్న హుషారు లక్షణం అదే. దానికి బయట ఒక తాడు కట్టి ఉంటుంది.

ఇంకో ఉదాహరణ చెప్తా, పల్నాడు వాళ్ళందరికీ తెలిసిందే. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళు. ఎనభై, తొంభై అడుగుల ప్రభలు, వాటి నిండా కరెంటు దీపాలు, ప్రభ ముందు కుర్రాళ్ళ డాన్సులు. వారం ముందునుంచీ చందాలు, ప్రభ కట్టడాలు, అసలు ఇంటి మొహం చూడరు. తిరునాళ్ళ రోజు రాత్రంతా కన్ను మూయరు. అరుస్తారు, ఎగురుతారు, జేబులో ఉన్నదంతా ఖర్చు పెట్టేస్తారు. ఎవరన్నా చెక్‌లిస్టు పట్టుకుని ఆ రాత్రి వాళ్ళ పక్కన నిలబడితే సగం మందికి టిక్కులు పడిపోతాయి. కానీ మర్నాడు మధ్యాహ్నం ఆ ఊళ్ళకి వెళ్ళి చూడండి. అరుగుల మీద, ట్రాక్టర్ ట్రక్కుల్లో, వేపచెట్ల కింద ఎక్కడివాళ్ళక్కడ గుర్రుపెట్టి నిద్ర. గొంతు పోయి ఉంటుంది, కాళ్ళు లాగుతుంటాయి, 'నాయనా, లేపకండ్రా' అంటారు. హుషారుకి అలుపొస్తుంది. మేనియాకి రాదు. నేను ఈ గొడవంతా రాస్తున్నది ఆ ఒక్క తేడా చెప్పడానికే.

మా పెద్దమ్మ కొడుకు, నాకంటే పదేళ్ళ పైన పెద్దవాడు. నాలుగెకరాల సొంత పొలం, ఆరెకరాలు కౌలు. మనిషి ఎంత పొదుపంటే, వినుకొండలో ఆటోవాడితో పది రూపాయల దగ్గర బేరమాడి కుదరక నడిచిపోయే రకం. 2023లో కాయ బాగా పండింది, మంచి రేటుకే అమ్ముడయింది. ముందు ఒక సెకండ్ హ్యాండ్ ట్రాక్టర్ కొన్నాడు. అది రెండేళ్ళుగా అనుకుంటున్నదే, ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆ తర్వాత పది పన్నెండు రోజుల్లో జరిగినవి చెప్తా. ముగ్గురి దగ్గర ముప్ఫై ఎకరాలకి బయానా ఇచ్చేశాడు. నాలుగు ఫోన్లు కొన్నాడు. వరికపూడిశెల నుంచి తనే సొంతంగా పైపులైను వేయించి మండలం మొత్తానికి నీళ్ళు తెస్తానని లెక్కల పుస్తకంలో పేజీలకి పేజీలు మ్యాపులు గీశాడు. రాత్రి రెండింటికి టార్చిలైటు పట్టుకుని చేలో తిరుగుతూ అమెరికాలో ఉన్న మేనమామ కొడుక్కి ఫోన్ చేసి గంటన్నర మాట్లాడేవాడు. ఆ కుర్రాడికి అది పగలు కాబట్టి అతనికీ తేడా తెలియలేదు! ఎదురింటివాడి అప్పు అడక్కుండానే తీర్చాడు. మర్నాడు అదే మనిషి మీదకి గొడవకి దిగాడు.

ఊళ్ళో ఏమన్నారు? 'డబ్బు చేసింది' అన్నారు. 'కొవ్వెక్కింది' అన్నారు. పెద్దవాళ్ళు 'రేటొచ్చింది, ఆ మాత్రం ఉండదా' అన్నారు. ఇంకొందరు గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. ఆ తాయెత్తు కట్టించినవాళ్ళ మీద నాకేం కోపం లేదు. ఊరు మొత్తంలో అతనికి ఏదో జరిగిందని నమ్మింది వాళ్ళే. మిగతావాళ్ళంతా అది అతని గుణం అనుకున్నారు. ఊళ్ళో ప్రాక్టీసు చేసే ఒకాయన రెండు నిద్ర ఇంజక్షన్లు చేశాడు. ఒక పూట పడుకుని లేచి మళ్ళీ మొదలు.

పట్టుకున్నది మా వదిన. పదో తరగతి దాకా చదివింది, బైపోలార్ అన్న మాట ఎప్పుడూ విని ఉండదు. నాకు ఫోన్ చేసి ఒక మాటంది. "నిద్ర పోకపోవడం కాదబ్బాయ్. పోయినేడు బోరు ఫెయిలైనప్పుడూ నిద్రపోలా. కానీ అప్పుడు పొద్దునకి కళ్ళు ఎర్రగా, మొహం పీక్కుపోయి ఉండేది. ఇప్పుడు రెండు గంటలు పడుకుని లేచి పెళ్ళికొడుకులా ఉంటున్నాడు. నాకు అదే భయమేస్తోంది."

తర్వాత నేను ఈ విషయం మీద చదివిందంతా ఆ మాటకి వ్యాఖ్యానమే అనిపించింది. సైకియాట్రీలో దీన్ని నిద్ర పట్టకపోవడం అనరు, నిద్ర అవసరం తగ్గిపోవడం అంటారు. రెండిటికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా ఉంది. రిలీజు ముందు మనం మూడు రోజులు సరిగ్గా నిద్రపోం. నాలుగో రోజు మీటింగులో కూర్చుంటే రెప్పలు వాలిపోతాయి, సింపుల్ ఇఫ్ కండిషన్ కూడా తిరగేసి రాస్తాం, కాఫీ మీద కాఫీ తాగుతాం. అంటే ఒళ్ళు అప్పు లెక్క రాసుకుంటూనే ఉంది. మేనియాలో ఆ లెక్క రాసేవాడే లేడు. మన భాషలో చెప్పాలంటే, ప్రాసెసర్ బాగా వేడెక్కితే సెన్సర్ కనిపెట్టి స్పీడు తగ్గించేస్తుంది. హుషారు అంటే టర్బోలో నడుస్తున్న మంచి మిషను. మేనియా అంటే అదే టర్బో, కానీ సెన్సర్ పనిచేయడం మానేసింది. వేడి లేదని కాదు, తెలియడం లేదు.

డాక్టర్లు వాడే పుస్తకం, డీఎస్ఎం అంటారు, దాని 2013 నాటి అయిదో కూర్పులో ఒక మంచి మార్పు చేశారు. అంతకుముందు మూడ్ పెరిగిందా, లేక చిరాకు పెరిగిందా అని మాత్రమే ప్రధానంగా చూసేవాళ్ళు. ఇప్పుడు మూడ్‌తో పాటు ఒంట్లో శక్తి, చేసే పనులు కూడా పెరిగి ఉండాలి అని చేర్చారు. ఇది కనీసం వారం రోజులు, రోజులో చాలా భాగం, దాదాపు ప్రతిరోజూ ఉండాలి. ఆసుపత్రిలో చేర్చాల్సినంత తీవ్రమైతే వారం దాకా ఆగి లెక్కపెట్టక్కర్లేదు. దాంతోపాటు తనంతటివాడు లేడనుకోవడం, నిద్ర అవసరం తగ్గడం, ఆపకుండా మాట్లాడటం, ఆలోచనలు ఒకదాని మీద ఒకటి పరిగెత్తడం, దేని మీదా మనసు నిలవకపోవడం, లేనిపోని పనులు నెత్తినేసుకోవడం, తర్వాత తలపట్టుకోవాల్సిన ఖర్చులు, తెగింపులు... వీటిలో మూడన్నా ఉండాలి. అదంతా కలిసి మనిషి సంసారాన్నో ఉద్యోగాన్నో గట్టిగా దెబ్బతీయాలి. అంత దెబ్బ తీయకుండా నాలుగు రోజులకి తక్కువ కాకుండా ఉంటే దాన్ని హైపోమేనియా అంటారు. కొలతలు మంచివే. కానీ మీరు గమనించారో లేదో, ఆ జాబితాలో 'సంతోషంగా ఉండటం' ఒక్కటే ఉంటే ఏ జబ్బూ కాదు. ఎంత సంతోషంగా ఉన్నాడు అన్నది అసలు ప్రశ్నే కాదన్నమాట.

మరి ప్రశ్న ఏమిటి? నా దృష్టిలో, ఆ మనిషిని వేరేవాళ్ళతో కాదు, అతనితోనే పోల్చి చూడాలి. మా బంధువుల్లో ఒకాయన ఉన్నాడు, పుట్టినప్పటినుంచీ గట్టిగా మాట్లాడతాడు, చేతికి ఎముక లేదు, ఏటా ఒక కొత్త వ్యాపారం. ఆయన ముప్ఫై ఎకరాలకి బయానా ఇస్తే 'ఈసారి భూములా' అనుకుని ఊరుకోవచ్చు. పది రూపాయలకి ఆటో వదులుకునే మా అన్న ఇస్తే ఊరుకోకూడదు. ఇది ఏ చెక్‌లిస్టూ చెప్పలేదు, ఇంట్లోవాళ్ళే చెప్పగలరు.

ఇంకోటి, ఇందాక చెప్పిన తాడు సంగతి. ఆ పదిరోజుల్లోనే అన్న కోల్డ్ స్టోరేజీలో మిగిలిన టిక్కీల్లో ఒక లాటు బాగా తాలు కిందకి పోయింది. మిర్చి రైతుకి తాలు అన్న మాట ఎలాంటిదో తెలిసినవాళ్ళకి తెలుసు, రంగు పోయిన కాయ, సగానికి సగం రేటు. వేరే ఏడాదైతే అన్నం ముట్టేవాడు కాదు. ఆ రోజు ఫోన్ పెట్టేసి పకపకా నవ్వి, 'పోతే పోనీరా, వచ్చే ఏడు యార్డే మనది' అన్నాడట. చెడ్డ వార్త కూడా అతన్ని తాకలేదు. మామూలు హుషారుని మీరు ఒక్క చెడ్డ కబురుతో దించేయొచ్చు (మా క్లయింటు ఒక్క మెయిలుతో దించేస్తాడు). మేనియాకి బయటి కబురుతో పని లేదు. మొదలయ్యేటప్పుడు ఏదో కారణం ఉండొచ్చు, రేటో, పెళ్ళో, ప్రమోషనో. ఆ తర్వాత కారణాన్ని వదిలేసి దానంతటది పోతూ ఉంటుంది.

అడ్డం పడి చూస్తే ఇంకా తెలుస్తుంది. ఉత్సాహంలో ఉన్న కుర్రాడితో 'ఇది కుదరదు' అంటే మొహం మాడ్చుకుంటాడు, వాదిస్తాడు, రెండ్రోజులు మాట్లాడడు. మేనియాలో ఉన్నవాడికి అడ్డం చెప్తే నవ్వు క్షణంలో పోయి కళ్ళలో వేరే మనిషి కనిపిస్తాడు. మా పెదనాన్న 'బయానాలు వెనక్కి తీసుకోరా' అన్నందుకు అన్న ఆయన్ని ఇంట్లోంచి పొమ్మన్నాడు. మేనియా అంటే ఎప్పుడూ ఆనందమే అనుకోకండి. కొంతమందికి మొదటినుంచీ చివరిదాకా చిరాకే ఉంటుంది, వాళ్ళని గుర్తుపట్టడం ఇంకా కష్టం. 'కోపిష్టి' అని వదిలేస్తారు.

ఇప్పుడు మన సంగతి. పల్లెలో డబ్బు మదం అని తిట్టారు కానీ, అదే మనిషి ఐటీలో ఉంటే ఏం జరిగేదా అని నేను చాలాసార్లు ఆలోచించా. రాత్రి మూడింటికి కోడ్ చెకిన్ చేసేవాడు, అయిదింటికి ఆర్కిటెక్చర్ మొత్తం మార్చేద్దామని ఇరవై పేజీల మెయిల్ పంపేవాడు, తొమ్మిదింటికి అందరికంటే ఫ్రెష్‌గా సీట్లో కూర్చునేవాడు. మనం ఏమంటాం? 'ప్యాషన్' అంటాం. ఆన్‌సైట్ వాళ్ళు 'ఓనర్‌షిప్' అంటారు. స్పాట్ అవార్డు, ఒక గిఫ్ట్ కార్డు ఇస్తారు. మా ఇండస్ట్రీ తక్కువ నిద్రని టాలెంటు కింద లెక్కేస్తుంది. దానికి తోడు ఈ జబ్బు చాలామందిలో మొదటిసారి బయటపడే వయసు పద్దెనిమిదికీ ముప్ఫైకీ మధ్య, అంటే సరిగ్గా మన క్యూబికల్స్‌లో కూర్చునే వయసు. పైగా నిద్ర చెడటం దీనికి లక్షణమే కాదు, కారణం కూడా అవుతుంది. ఒంట్లో ఆ స్వభావం ఉన్నవాళ్ళకి వరసగా నైట్ షిఫ్టులు పడినా, సముద్రాలు దాటే ప్రయాణాల్లో పగలు రాత్రి తారుమారైనా మేనియా లేవొచ్చు. అందరికీ లేస్తుందని కాదు. మనలో చాలామంది ఎన్ని నైట్ షిఫ్టులు చేసినా వచ్చేది నడుం నొప్పే.

కాబట్టి టీమ్‌లో ఎవరన్నా హుషారుగా ఉంటే అనుమానంగా చూడమని చెప్పట్లేదు. హ్యాకథాన్ తర్వాత సోమవారం ఆ మనిషిని చూడండి. నీరసంగా కాఫీ మెషీన్ దగ్గర వేలాడుతుంటే భేషుగ్గా ఉన్నట్టే. పని సంగతీ చూడండి. ఉత్సాహంలో ఉన్నవాడు ఒక పనిని పట్టుకుని ముగిస్తాడు. అన్న లెక్కల పుస్తకంలో పైపులైను మ్యాపు సగంలో ఆగి, దాని మీదే డైరీ ఫారం లెక్కలు, వాటి మీద వినుకొండ ఎమ్మెల్యే సీటుకి ఊరివారీ ఓట్ల లెక్కలు. ఒక్కటీ చివరిదాకా లేదు. ప్రతి పేజీలోనూ అంకె మాత్రం ముందు పేజీ కంటే పెద్దది.

సరే, అన్నని ఎలా తీసుకెళ్ళామంటే, వాదించకుండా. నువ్వు చేసేది తప్పు అంటే లాభం లేదు, అతని లెక్కలో మనమే తెలివితక్కువవాళ్ళం. వదినే చెప్పింది, 'నీ పనులకి ఒళ్ళు సహకరించాలిగా, నిద్ర కోసం ఒకసారి చూపించుకుందాం' అని. గుంటూరులో సైకియాట్రిస్టు అడిగిన మొదటి ప్రశ్న కూడా నిద్ర గురించే. రెండో ప్రశ్న నేను ఊహించనిది: 'ఇంతకుముందు ఎప్పుడన్నా నెలా రెండు నెలలు మంచం మీదనుంచి లేవకుండా ఉన్నాడా?' ఉన్నాడు. అయిదేళ్ళ కింద. ఊళ్ళో దాన్ని బెంగ అన్నారు. ఆ రెండూ ఒకే జబ్బు రెండు చివర్లని ఆ రోజు తెలిసింది. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించారు, ఎందుకంటే థైరాయిడ్ మరీ ఎక్కువైనా, కొన్ని స్టెరాయిడ్ మందులకీ, గంజాయి లాంటి వాటికీ మనిషి ఇలాగే లేస్తాడు. ఇంకో ముఖ్యమైన సంగతి, డిప్రెషన్ అని వెళ్ళినప్పుడు పాత హుషారు రోజుల గురించి డాక్టరుకి చెప్పకపోతే, వాళ్ళు డిప్రెషన్ మందు ఒక్కటే రాస్తే, అది కొందరిని మేనియాలోకి తోసేయొచ్చు. మీకు తెలిసినవాళ్ళెవరన్నా డిప్రెషన్‌కి వెళ్తుంటే ఈ ముక్క చెప్పండి.

అన్నకి మిగతా మందులతో పాటు లిథియం మొదలుపెట్టారు. అవును, మన ఫోన్ బ్యాటరీల్లో ఉండే లిథియమే, ఉప్పు రూపంలో. దీని కథ భలే ఉంటుంది. జాన్ కేడ్ అని ఆస్ట్రేలియా డాక్టరు, రెండో ప్రపంచయుద్ధంలో సింగపూర్ చాంగీలో జపాన్ వాళ్ళకి ఖైదీగా మూడేళ్ళకి పైగా ఉన్నాడు. తిరిగొచ్చాక గినీపందుల మీద ఏదో వెతుకుతుంటే లిథియం ఇచ్చినప్పుడు అవి నెమ్మదించాయి. ముందు తను మింగి చూసుకుని, తర్వాత మేనియా ఉన్న పదిమందికి ఇచ్చి 1949లో ప్రచురించాడు. మొదటి పేషెంటు ఏళ్ళ తరబడి ఆసుపత్రిలో ఉన్నవాడు, బాగుపడి ఇంటికెళ్ళాడు. మందు మానేసి మళ్ళీ వచ్చాడు. ఆఖరికి 1950లో అదే లిథియం ఒంట్లో ఎక్కువై చనిపోయాడు. అప్పట్లో రక్తంలో దాన్ని కొలుస్తూ మోతాదు సరిచేసే పద్ధతి లేదు. పనిచేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య ఎడం చాలా తక్కువ. అందుకే ఇప్పటికీ లిథియం వాడేవాళ్ళు రక్తపరీక్షలు తప్పించకూడదు.

మా వైపు దీనికి ఇంకో చిక్కుంది. ఎండాకాలం వస్తే వార్తల్లో రెంటచింతల పేరు వినపడుతుంది చూశారా, అది మా జిల్లాయే. ఆ ఎండలో చేలో పనిచేస్తే ఒంట్లో నీళ్ళూ ఉప్పూ చెమట రూపంలో పోతాయి, రక్తంలో లిథియం పెరిగిపోతుంది. వాంతులు, విరేచనాలు అయినా అంతే. పైగా నడుం నొప్పి అంటే చాలు పల్లెల్లో డైక్లోఫెనాక్ ఇంజక్షన్ చేస్తారు. అలాంటి నొప్పిమందులు కూడా లిథియంని పెంచుతాయి. చేతులు బాగా వణకడం, తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి. వదిన మందుల కవరు మీద స్కెచ్ పెన్నుతో 'నొప్పి ఇంజక్షన్ వద్దు' అని రాసిపెట్టింది.

ఇది ఎంతమందికి ఉంటుంది అంటారా? నిమ్హాన్స్ వాళ్ళు 2015-16లో పన్నెండు రాష్ట్రాల్లో పెద్ద సర్వే చేశారు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ అందులో లేవు, అది వేరే సంగతి. పెద్దవాళ్ళలో జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు బైపోలార్ వచ్చినవాళ్ళు 0.5 శాతం అని తేలింది. చిన్న అంకెలాగే ఉంటుంది. అయిదువేలమంది పనిచేసే క్యాంపస్‌కి లెక్కేసుకోండి, పాతికమంది. వాళ్ళలో పదింట ఏడుగురికి వైద్యం అందట్లేదని కూడా అదే సర్వే చెప్పింది. ఎక్కడికెళ్ళాలో తెలియకపోతే 2022 అక్టోబర్ నుంచి టెలీ మానస్ అని ప్రభుత్వ ఫోన్ లైను ఉంది, 14416, తెలుగులో మాట్లాడొచ్చు. మీ హెల్త్ ఇన్సూరెన్స్ కాగితాలు కూడా ఒకసారి తిరగేయండి. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం, అమల్లోకి వచ్చింది 2018లో, మిగతా జబ్బులకి ఉన్నట్టే వీటికీ ఇన్సూరెన్సు ఇవ్వాలంటుంది.

బయానాల్లో ఇద్దరు డబ్బు వెనక్కిచ్చారు. మూడోవాళ్ళు ఇవ్వలేదు, రాసుకున్న కాగితం రాసుకున్నట్టే అన్నారు. ట్రాక్టర్ పోయింది. అయితే అన్న బాగా దెబ్బతిన్నది డబ్బు దగ్గర కాదు. 2025 ఏప్రిల్లో వాళ్ళమ్మాయికి పదో తరగతిలో మంచి మార్కులొచ్చాయి. అన్న వీధంతా వినపడేలా అరిచాడు, వినుకొండ వెళ్ళి అయిదు కేజీల స్వీట్లు తెచ్చి పంచాడు. పంచుతూ పంచుతూ చూస్తే పెద్దమ్మ గుమ్మంలో నిలబడి అతని మొహంలోకే చూస్తోంది. పెదనాన్న స్వీట్ల ఖర్చు అడిగాడు. నేనూ ఆ రోజు అక్కడే ఉన్నా. సాయంత్రం కల్లం దగ్గర కూర్చున్నప్పుడు అన్నాడు, "ఏరా తమ్ముడూ, ఇంక నేను నవ్వకూడదా? ఏడిస్తే ఒక మాత్ర, నవ్వితే ఒక మాత్ర అయిపోయింది నా బతుకు."

దీనికి నా దగ్గర సమాధానం లేదు. తేడా చూడటం ఎలాగో ఇంత పొడుగున రాశాను కానీ, ఇరవైనాలుగు గంటలూ చూపులు మీద ఉంచుకుని బతకడం ఎలా ఉంటుందో అతనికే తెలుసు.

చివరికి వాళ్ళిద్దరూ ఒక ఒప్పందానికొచ్చారు, వదిన మళ్ళీ. అన్న ఎంత గట్టిగా నవ్వినా, ఎంత ఖర్చు చేసినా ఇంట్లో ఎవరూ ఏమీ అనకూడదు. గోడకున్న క్యాలెండర్ మీద, పాల లెక్క పక్కన, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాడో పొద్దున అన్నే రాస్తాడు. వరసగా రెండు రాత్రులు నాలుగు గంటల లోపు పడుకుని మూడో పొద్దున అలుపు లేకుండా లేస్తే డాక్టరుకి ఫోను, ఏటీఎం కార్డు వదిన చేతికి. ఆ రూలు కూడా అన్నే తన చేత్తో రాసి కింద సంతకం పెట్టాడు.

స్వీట్లు పంచిన రోజు రాత్రికి రాసింది ఏడున్నర. పోయినసారి ఊరెళ్ళినప్పుడు మొత్తం ఏడాది పేజీలు తిప్పి చూశా. మిర్చి తోలే నెలలో కొన్ని అయిదులున్నాయి, వాటి పక్కన బ్రాకెట్లో 'పొద్దున ఒళ్ళు నెప్పులు' అని రాసుకున్నాడు.